బందెలదొడ్డి బంధువులు

మొన్న ఆదివారం బెంగళూరు నుంచి మా తమ్ముడి కూతురు ఫోన్ చేసింది. ఆరో తరగతి చదువుతోంది. స్కూల్లో ఏదో ప్రాజెక్టు ఇచ్చారట. దిక్కులేని జంతువులుండే షెల్టర్‌కు పిల్లలు ఏ విధంగా సాయం చేయవచ్చో పది వాక్యాలు రాయాలి, ఇంట్లో పెద్దవాళ్ల అనుభవం ఏదైనా ఉంటే జోడించాలి. "అత్తా, మీ ఊళ్లో షెల్టర్ ఉండేదా?" అని అడిగింది. ఉండేది అన్నాను. "నువ్వు వాలంటీర్‌గా చేశావా?" చేశాను అన్నాను. "నిజంగానా అత్తా!" అంది. ఆ పిల్ల నా మీద అంత గౌరవం అంతకుముందెప్పుడూ చూపించలేదు, అందుకని నేనూ కొంచెం గొంతు సవరించుకున్నాను.

ఆమెకు చెప్పిందే మీకూ చెబుతున్నాను. ఇది ఒక మహాకావ్యం. ఇందులో భయంకరమైన కరువు ఉంది, చెరసాల ఉంది, తరుముకొచ్చే గడువు ఉంది, నోరు విప్పని వీరుడున్నాడు, నది దాటడం ఉంది, చివర్లో సభా తీర్పు ఉంది. వినేవాళ్లు కళ్లొత్తుకోవడానికి పక్కన ఒక తువ్వాలు పెట్టుకోవాలి. ఇంత చెప్పాక నిజం ఒప్పుకోక తప్పదు. వీరుడు ఒక ముసలి ఎద్దు, నోరు విప్పకపోవడంలో దాని గొప్పేమీ లేదు. నదిలో నీళ్లు లేవు, చెప్పులున్నవాళ్లు చెప్పులతోనే దాటారు. సభలో పెద్దవాళ్లు ముగ్గురే, అందులో ఒకామె బిందె కోసం వచ్చింది. తువ్వాలు మాత్రం ఉంచుకోండి, ఈ ఎండలకు చెమటకైనా పనికొస్తుంది.

మాది పావగడ తాలూకాలో నాగలమడిక వైపు, ఉత్తర పినాకిని గట్టున ఉన్న ఊరు. తొంభైల మొదట్లో మాట. వేరుశనగ తప్ప వేరే పంట వేయడం మావాళ్లకు చేతకాదు, వాన తప్ప వేరే నీళ్లు లేవు, ఆ వాన మూడేళ్లుగా మా ఊరి దారి మరిచిపోయింది. బడి దాటాక ఊరి చివర మొండి గోడల ఆవరణ ఒకటి ఉండేది. దాన్నే బందెలదొడ్డి అనేవారు. ఎవరి పశువైనా ఇంకొకరి చేలో పడి మేస్తే, చేను గలవాడు దాన్ని తోలుకొచ్చి దొడ్డిలో పెట్టించవచ్చు. పశువు గలవాడు దండుగ కట్టి విడిపించుకుపోవాలి. గడువులోగా ఎవరూ రాకపోతే పంచాయతీవాళ్లు తప్పెట కొట్టించి హరాజు వేస్తారు, అంటే వేలం. ఎప్పటిదో చట్టం. పంటలున్న రోజుల్లో అందులో ఎప్పుడూ నాలుగైదు పశువులు, బయట నాలుగైదు తగాదాలు ఉండేవి. పంటలు పోయాక తగాదాలు పోయాయి. పశువులు మాత్రం పోలేదు. మేపలేనివాళ్లు తాడు విప్పి వదిలేస్తే అవి ఊళ్లు పట్టి తిరిగి, చివరికి ఎవరో ఒకరు తోలుకొస్తే మా దొడ్డిలో తేలేవి.

దొడ్డికి కాపలా ఒక ముసలాయన. మేము దొడ్డి తాత అనేవాళ్లం. వయసులో ఉన్నప్పుడు గొర్రెలు కాచినవాడు. గొర్రెల్లో ఆయనను మించినవాడు లేడు. చెవి కోత చూసి ఇది ఏ ఊరి మందదో చెప్పేవాడు, పళ్లు చూసి వయసు చెప్పేవాడు, అడిగితే దాని తల్లి గుణం కూడా చెప్పేవాడు. పంచాయతీవాళ్లు ఆయనకు గొర్రెలు తప్ప అన్నీ ఉండే దొడ్డిని అప్పగించారు. "ఎద్దుల సంగతి, ఎనుముల సంగతి నన్ను అడగొద్దండప్పా. నాకు తెలిసిందల్లా గేటు మూసేది, గేటు తీసేది," అనేవాడు. ఆ గేటు కూడా గేటు కాదు, అడ్డంగా పెట్టిన రెండు తుమ్మ మొద్దులు.

మా బడి కన్నడ బడి. ఇంట్లో తెలుగు, వీధిలో తెలుగు, పాఠం మాత్రం కన్నడ. ఒకరోజు మా మేష్ట్రు మూగజీవాల మీద దయ గురించి పాఠం చెప్పి, పుస్తకం మూసి, "చదివితే సాలదు, ఒక మంచి పని చేసి చూపించండి" అన్నాడు. చివర్లో తెలుగులో అన్నాడు కాబట్టి అందరికీ అర్థమైంది. మా అక్క నాకన్నా రెండేళ్లు పెద్దది, ఏడో తరగతి, నేను ఐదు. రెండు తరగతులూ ఒకే గదిలో కూర్చునేవి. ఆమెకు కళ్లలో నీళ్లు రావడానికి పాఠం అయిపోనక్కర్లేదు, మొదలైతే చాలు. ఆ సాయంత్రమే తనతో కలిపి తొమ్మిది మందిని పోగుచేసి దొడ్డి గోడ దగ్గర నిలబెట్టి, ఈ జీవాలకు ఇకనుంచి మనమే తల్లీ తండ్రీ అని చెప్పింది. ఆ జీవాల్లో ఒక బర్రె మా అమ్మకన్నా పెద్దదిగా కనిపిస్తోందని నేనన్నాను. ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు.

మేము చేసిన పనులు మా మేనకోడలి పది వాక్యాల్లోకి సరిపోతాయో లేదో నాకు తెలియదు. ఇంటింటికీ తిరిగి కుడితి అడిగి తెచ్చేవాళ్లం. కరువులో కుడితి అంటే బియ్యం కడిగిన నీళ్లు కాదు, సంగటి గిన్నె కడిగిన నీళ్లు. బోరింగు కొట్టి తొట్టి నింపేవాళ్లం. ఒకరు కొడుతుంటే ఇంకొకరు లెక్కపెట్టాలి, నూరయ్యాక మార్పు. మిద్దెల మీద పాత శనక్కాయ కట్టె, అంటే కాయలు కోసుకున్నాక మిగిలే ఎండు చెట్ల వాములు ఇంకా మిగిలి ఉన్నవాళ్ల దగ్గరికి పోయి ఒక్కో చంక కట్టె అడిగేవాళ్లం. పెద్దవాళ్లు అడిగితే లేదనేవాళ్లు కూడా పిల్లలు అడిగితే తిట్టి ఇచ్చేవారు. అన్నిటికన్నా మాకిష్టమైన పని గోమార్లు తీయడం. పశువు చెవుల్లో, తోక కింద పట్టుకుని రక్తం తాగే పురుగులవి, చింతగింజలంత లావుగా ఉండేవి. ఎవరు ఎక్కువ తీస్తే వాళ్లు గెలిచినట్టు. నేను రెండు వారాలు వరుసగా గెలిచాను. జీవితంలో ఇంకే పోటీలోనూ గెలవలేదు కాబట్టి ఈ సంగతి రాయడం అవసరం.

ఇక్కడ మేము చేసిన పొరపాటు ఒకటి చెప్పాలి. మంచి పని చేస్తే పదిమందికీ తెలుస్తుందని పాఠంలో ఉంది. తెలిశాక ఏమవుతుందో లేదు. మేము మొదలుపెట్టినప్పుడు దొడ్డిలో మూడు పశువులుండేవి. నెల తిరిగేసరికి పద్నాలుగు అయ్యాయి. బడిపిల్లలు దొడ్డిలో మేపుతున్నారన్న వార్త ఊరు దాటి, ఏరు దాటి, సంత దాకా పోయింది. ఎవరి పశువును వాళ్లే తోలుకొచ్చి, ఎవరిదో అన్నట్టు అప్పగించిపోవడం మొదలైంది. ఒకాయన ఎనుమును, అంటే బర్రెను, తోలుకొచ్చినప్పుడు నేను అక్కడే తొట్టి కడుగుతున్నాను.

"నా చేన్లో పడిందప్పా, పట్టుకొచ్చినా," అన్నాడు.

"నీ చేన్లో ఏముండాదని పడింది?" అని దొడ్డి తాత అడిగాడు.

"రాళ్లుండాయి."

"రాళ్లు మేసిందా?"

"మేసేకి చూస్తా ఉన్నింది."

తాత కాసేపు ఆయన మొహం చూశాడు, కాసేపు ఎనుము మొహం చూశాడు. ఇద్దరూ బాగా ఎరిగినవాళ్లలా పక్కపక్కన నిలబడి ఉన్నారు. ఎనుము ఆయన భుజం మీది తువ్వాలు నాకుతోంది. తాత మొద్దులు తీశాడు. ఆయన పోయాక మావైపు తిరిగి, "మీ పున్యమా అని నా దొడ్డి సత్రమైపాయ," అన్నాడు. మా అక్క దాన్ని మెచ్చుకోలు అనుకుంది.

అట్లా వచ్చినవాటిలోదే ఆ ఎద్దు. ఒక సాయంత్రం మసక చీకట్లో, తలకు తువ్వాలు చుట్టుకున్న మనిషి ఎవరో తోలుకొచ్చి, నా చేలో పడిందని రెండు ముక్కలు చెప్పి, ఊరు పేరు అడిగేలోగా వెళ్లిపోయాడట. బూడిదరంగు ఎద్దు, బాగా ముసలిది, వెన్ను మీద బట్టలు ఆరేసుకోవచ్చు. మిగతావి పొద్దున మేము రాగానే గోడ దగ్గరికి వచ్చేవి. ఇది వచ్చేది కాదు. కుడితి తాగేది. కట్టె వేస్తే వాసన చూసి, నోట్లోకి తీసుకుని, చాలాసేపు నమిలి, చివరికి ముద్దచేసి కింద వదిలేసేది. దాని ముందు అట్లాంటి ఉండలు వరుసగా పడి ఉండేవి, ఎవరో లడ్డూలు చుట్టి మరిచిపోయినట్టు. కళ్లకు రెండుపక్కలా వెంట్రుకలు రాలి గుండ్రని మచ్చలు. మెడ మీద కాయ కాసింది, అది కూడా నడిమధ్యలో కాదు, ఒక పక్కకు.

దాని గురించి మాకు పట్టిన ఆసక్తి అంతా ఇంతా కాదు. ఎక్కడిది, ఎవరిది, ఆ మచ్చలేమిటి, ఆ ఉండలేమిటి. బండి ఎద్దయితే కాయ నడుమ ఉంటుందని ఒకడు, మడకకు, అంటే నాగలికి, కట్టే ఎద్దయితే ఇంకా ముందుకు ఉంటుందని ఇంకొకడు. మా అక్క మాత్రం మొదటిరోజే తేల్చేసింది. దానికి ఒక జతగాడు ఉండేవాడు, కరువులో చచ్చిపోయాడు, ఏడ్చి ఏడ్చి కళ్ల పక్క వెంట్రుకలు రాలిపోయాయి, దిగులుతో ముద్ద మింగుడు పడటం లేదు. ఇన్ని సంగతులు నీకెవరు చెప్పారని అడిగితే, "దాని కండ్లు చూడు మే, తెలుస్తాది," అంది. చూశాను. కళ్లలో ఈగలు కనిపించాయి.

ఎద్దు వచ్చిన తొమ్మిదో రోజున, శనివారం పొద్దున, తప్పెట మోగింది. సోమవారం దొడ్డిలో హరాజు. పిల్లలకు పెద్ద తేడా తెలియలేదు, ఎవరో కొనుక్కుని పోతే మంచిదే కదా అనుకున్నాం. దొడ్డి తాతే నేలచూపులు చూస్తూ చెప్పాడు. కరువులో ముసలి ఎద్దును కొనేది సేద్యగాళ్లు కాదు. లారీ వస్తుంది. లారీ ఎక్కడికి పోతుందో ఆయన చెప్పలేదు, మేము అడగలేదు. మిగతా పశువుల సంగతి ఎట్లా ఉన్నా వాటి యజమానులు ఎవరో ఊళ్లో సగంమందికి తెలుసు, చెవిన వేస్తే వస్తారు. ఈ ఎద్దుకు చెప్పడానికి ఎవరున్నారో తెలియదు. శనివారం పొద్దుగూకేదాకా ఆలోచించాం. చివరికి తాతే అన్నాడు, "తప్పిపోయిన గొర్రెను ఎవురిదని ఊరంతా అడగం. ఇడిస్తే అదే పోతాది దాని మందకు. ఎద్దుకు మాత్రం ఇల్లు తెల్దా? రేపు పొద్దున ఇడుస్తా. ఎనకే పోండి. యాడ నిలిస్తే ఆడ అడగండి. మాపటికి మాత్రం తిరిగి రావల్ల, లేకుంటే పంచాయితోళ్లు నన్ను కడతారు దొడ్డిలో."

ఆదివారం పొద్దున మా అక్క యుద్ధానికి పోయేదానిలా తయారైంది. తువ్వాల్లో నాలుగు సంగటి ముద్దలు మూటకట్టింది. మా అవ్వ వాకిట్లో చాట పట్టుకుని రాగుల్లో రాళ్లేరుతోంది. అక్క ఆమె ముందు నిలబడి, "అవ్వా, మేము ఎద్దు ఎనక పోతాండాం. ఎన్ని ఊర్లు దాటల్లో తెల్దు. చీకటి పడినా రాకపోతే ఎతుక్కోవద్దు," అంది.

అవ్వ తలెత్తలేదు. "పొయ్యేది పోతాండారు, బోరింగు కాడ వరసలో మన బిందె పెట్టి వచ్చినా. వచ్చేటప్పుడు తెండి," అంది.

దొడ్డి తాత మొద్దులు తీశాడు. ఎద్దు బయటికి వచ్చింది. తొమ్మిది మందిమీ ఊపిరి బిగబట్టి చూశాం. అది నాలుగడుగులు వేసి, బడి వెనక ఉన్న బయల్లో నిలబడింది. నిలబడే ఉంది. ఎండెక్కింది. ఒకడు గోళీలు తీశాడు. ఇల్లు గుర్తు రావడానికి ఎంతసేపు పడుతుందో ఎవరికీ అనుభవం లేదు. ఈగలు దాని కళ్ల మీద గుంపుగా వాలుతున్నాయి, నీళ్లు కారుతున్నాయి. అక్క చూడలేకపోయింది. సంగటి మూట విప్పి ముద్దలు నా చేతుల్లో పెట్టి, ఆ తువ్వాలు తీసుకుని దాని కళ్లకు అడ్డంగా కట్టింది, ఈగలు వాలకుండా.

కట్టి ఇంకా ముడి బిగించనేలేదు, ఎద్దు కదిలింది. కదలడమంటే అట్లా ఇట్లా కాదు, ఎవరో పని చెప్పినట్టు, మెడ కొంచెం వంచి, ఒకే నడకన. "పోతాండాది, ఇంటికి పోతాండాది," అని అక్క గుసగుసగా అంది. మేమంతా వెనకాల బారుగా నడిచాం. ముందు అక్క, చివర నేను, నా చేతుల్లో నాలుగు సంగటి ముద్దలు. ఎడమకు తిరిగింది, తిరిగాం. మళ్లీ ఎడమకు తిరిగింది, తిరిగాం. ఒక తుమ్మచెట్టు దాటాం. కాసేపటికి ఇంకో తుమ్మచెట్టు దాటాం. మూడోది దాటినప్పుడు నాకు అనుమానం వచ్చింది, ఎందుకంటే మూడింటికీ ఒకే తెగిన గాలిపటం వేలాడుతోంది. అక్కకు చెప్పాను. "దారి గుర్తుకు తెచ్చుకుంటా ఉండాది, గమ్మునుండు," అంది. ఎద్దు ఎంత దూరమైనా నడిచేటట్టుంది. మేమూ నడిచాం. కాళ్ల కింద నేల మీద గుండ్రంగా ఒక బాట పడింది. నాలుగో ముద్ద నేను తినేశాను, చేతులు నొప్పి పుడుతున్నాయని.

అప్పుడు మా అవ్వ వచ్చింది. మేము పోయి సగం పొద్దు అయినా బిందె రాలేదని తానే బయల్దేరి, నిండిన బిందె చంకన పెట్టుకుని అటుగా తిరిగింది. నిలబడి ఒక పూర్తి చుట్టు చూసింది.

"ఏందే, ఎన్నో ఊర్లు దాటల్ల అంటిరి?"

"దాటతా ఉండామవ్వా," అన్నాను.

"గంత కట్టినారు గాబట్టి అది తిరుగుతాది. మీకెవురు కట్టినారని తిరుగుతాండారు?"

మేము ఆగాం. ఎద్దు ఆగలేదు. అవ్వ బిందె దించి, దానికి అడ్డం పోయి, కళ్ల మీది తువ్వాలు లాగేసింది. ఎద్దు అక్కడికక్కడే నిలబడిపోయింది. "గానుగెద్దు మే ఇది. కండ్లకు గంత కడితే పనికి కట్టినట్టు దానికి. ఇప్పేదాకా నిలబడదు," అని చెప్పి, మెడ మీది కాయను, కళ్ల పక్క మచ్చలను వేలితో చూపించింది. గానుగ కాడి ఒక పక్కకే ఒరుసుకుంటుంది, అందుకని కాయ పక్కకు. మచ్చలు గంతలు ఒరిసినవి. తొమ్మిది రోజులుగా తొమ్మిది మందిమి తలలు బద్దలు కొట్టుకున్న సంగతి ఆమె బిందె దించినంత సేపట్లో తేల్చేసింది. కళ్లకు గంతలు ఎందుకు కడతారవ్వా అని అడిగాను. "కండ్లు కనపడితే, ఇంత నడిచినా యాడికీ పోలేదని దానికి తెలిసిపోతాది గదా," అంది. ఈ చుట్టుపక్కల మిగిలింది ఒకటే గానుగ, ఏటికి అవతల, మొన్నమొన్నటిదాకా నూనె అక్కడే పోయించుకునేదాన్ని అని కూడా చెప్పింది. మిగతావాళ్లు ఎద్దును మళ్లీ దొడ్డికి తోలారు, అక్క నది వైపు పరుగెత్తింది. నేను నడిచాను, కడుపులో సంగటి ఉంది కాబట్టి.

ఏరు దాటడం గురించి రాయడానికేమీ లేదు. ఇసుక కాలింది. అవతల ఊళ్లో గానుగ ఇల్లు ఎక్కడని అడగనక్కర్లేకపోయింది. మూతపడి ఎంతకాలమైందో గాని, ఆ వీధి మొదట్లోనే వేరుశనగ నూనె వాసన ఇంకా ఉంది. కొట్టంలో నడుమ రాతి గానుగ, దాని నోట్లో ఒక కోడి కూర్చుని గుడ్డు పెట్టే ప్రయత్నంలో ఉంది. చుట్టూ నేల మీద ఎద్దు తిరిగి తిరిగి అరిగిన గుండ్రటి పల్లం. పావగడలో నూనె మిల్లు వచ్చాక సగం మంది అటు పోయారు, కాయలు పండక మిగతా సగం ఆగిపోయారు. గోడకు ఆనుకుని ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు.

"తాతా, నీ ఎద్దు మా దొడ్డిలో ఉండాది," అంది అక్క.

"నాకు ఎద్దు యాడిదమ్మా," అన్నాడాయన.

ఆయన తల మీదుగా గోడ వైపు చూశాను. మేకుకు రెండు తోలు గంతలు, తాడుతో సహా, వేలాడుతున్నాయి.

"మరి ఆ గంతలు ఎవురివి తాతా? నీవా?"

అక్క నా చెయ్యి గిల్లింది. ఆయన వెనక్కి తిరిగి గంతలు చూశాడు, నన్ను చూశాడు. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "తింటా ఉండాదా?" అని అడిగాడు.

"కుడితి తాగతాది. కట్టె నమిలి ఉండలు చేసి పారేస్తాది. నీ మింద బెంగ పెట్టుకోని," అంది అక్క. చెబుతూనే ఏడ్చింది.

"బెంగ గాదమ్మా. పండ్లు అరిగిపోయినాయి దానికి. ఎండు కట్టె ఎట్ల నములుతాది? నానబెట్టి పెట్టల్ల. గానుగాడినన్ని దినాలు నూనె పిండినాక మిగిలే చెక్క నానబెట్టి పెడతా ఉంటి. గానుగ నిలిచె, చెక్క లేదు. ఇస్కూలు పిల్లోళ్లు దొడ్డిలో బాగా మేపుతా ఉండారని సంతలో చెప్పుకుంటా ఉంటే, నేనే తోలుకొచ్చి ఇడిసినా. వాన పడినాక దండుగ కట్టి తెచ్చుకుందామని."

గొర్రె పళ్లు చూసి వయసు చెప్పే దొడ్డి తాతకు గాని, మాకు గాని, ఆ ఎద్దు నోరు తెరిచి చూడాలని ఎందుకు తోచలేదో ఇప్పటికీ నాకు అర్థం కాదు. ముసలిదని చూస్తేనే తెలుస్తోంది, ఇంకా పళ్లెందుకు అనుకున్నాం కాబోలు. మేము దయ చూపించాం. నోట్లోకి మాత్రం చూడలేదు.

"రేపు హరాజు తాతా. లారీ వస్తాదంట," అన్నాను. ఈసారి అక్క గిల్లలేదు.

ఆయన గోడకు చెయ్యి ఆనించాడు. "అమ్ముతారని నాకెవురూ చెప్పలేదే," అని లేచాడు. చెప్పులు వెతికాడు. రెండూ కాళ్లకే ఉన్నాయి. తువ్వాలు తలకు చుట్టుకుని మాకన్నా ముందు ఏట్లోకి దిగాడు. అంత ముసలాయన కాలే ఇసుకలో అంత వేగంగా నడవడం నేను చూడలేదు. అక్క కూడా పరుగులాంటి నడకతో వెనకపడింది.

దొడ్డి దగ్గర మా అవ్వ, దొడ్డి తాత గోడ నీడన కూర్చుని ఉన్నారు, మధ్యలో బిందె. గానుగ తాతను చూసి ఎద్దు ఏమీ చేయలేదు. అక్క ఇప్పుడు చెప్పే కథలో అది రంకె వేస్తుంది. వేయలేదు. తోక ఒకసారి ఆడించింది, అది ఈగకు. ఆయన మాత్రం దాని దగ్గరికి పోయి, మెడ కింద గంగడోలు పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు.

దొడ్డి తాత గొంతు సవరించుకున్నాడు. "దండుగ కట్టల్లప్పా. చేన్లో పడిన ఎద్దు. లేకుంటే పంచాయితోళ్లు నన్నడుగుతారు," అన్నాడు.

"నా కాడ ఏముండాదప్పా కట్టేకి," అన్నాడు గానుగ తాత.

దొడ్డి తాత తల పక్కకు వంచాడు. "ఈ గొంతు నాకు తెలుసు. ఆ పొద్దు తోలుకొచ్చింది నువ్వే గదా?"

"నేనే."

"నీ చేన్లో పడిందంటివి."

"అంటి."

"నీకు చేనుండాదా?"

"లేదు."

"ఎద్దు ఎవురిది?"

"నాది."

దొడ్డి తాత దీన్ని తలలో అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. "అంటే నీ ఎద్దు, నీకు లేని చేన్లో పడి, ఏమీ మేయకుండా వచ్చింది."

"అంతే."

మా అవ్వ లేచి బిందె చంకకెత్తుకుంది. "లేని చేనుకు లేని దండుగ. దీనికి ఇంత మాటేంటికప్పా? తోలుకోని పొమ్మను. నాకు సంగటికి పొద్దవుతాది," అంది. చట్టంలో అట్లా ఉందో లేదో నాకు తెలియదు. దొడ్డి తాతకూ తెలియదు. ఆయన మొద్దులు తీశాడు.

ఎద్దు బయటపడింది గాని, దాని తిండి సంగతి అట్లాగే ఉంది. అక్క అక్కడే, ఇంకా దుమ్ము అణగకముందే, వారం వారం మేము కట్టె తెచ్చిస్తామని మాట ఇచ్చేసింది. మమ్మల్ని అడగలేదు. ఆ వేసవంతా, ఆపైన మరుసటి ఏడు వాన పడేదాకా, ప్రతి ఆదివారం ఇద్దరిద్దరం వంతులేసుకుని గంపలో కట్టె మోసి ఏరు దాటాం. గానుగ తాత దాన్ని కొడవలితో చిన్నచిన్న ముక్కలు చేసి, రాత్రే నీళ్లలో వేసి, పొద్దున పిండి పెట్టేవాడు. ఎద్దు ఒక్క ఉండ కూడా పారేయకుండా తినేది. తినేటప్పుడు పక్కన కూర్చుని చూడటం తప్ప మాకు అక్కడ వేరే పని ఉండేది కాదు. అయినా వంతు మార్చుకోవడానికి ఎవరూ ఒప్పుకునేవారు కాదు.

సోమవారం హరాజుకు లారీ వచ్చింది. లారీ సంగతి రాత్రికి రాత్రే ఊళ్లన్నీ పాకింది. తెల్లారేసరికి ఒక్కొక్కరే వచ్చి, మొహాలు చూపించకుండా, "ఇది మా దాని మాదిరి ఉండాది, చూసి పోదామని వస్తిమి," అంటూ ఎవరివి వాళ్లు తోలుకుపోయారు. రాళ్లు మేయబోయిన ఎనుము కూడా పోయింది. లారీవాళ్లు వచ్చేసరికి దొడ్డిలో ఒక గాడిద మిగిలింది. వాళ్లు దాన్ని చూసి, దొడ్డి తాతను చూసి, బస్సు నిలిచేచోట టీ తాగి వెళ్లిపోయారు. గాడిదను తాత నీళ్లు మోయడానికి ఉంచుకున్నాడు.

అక్క ఇప్పుడు హిందూపురంలో ఉంటుంది. పెళ్లిళ్లలో ఈ కథ చెబుతుంది. ఆమె చెప్పేదాంట్లో లారీకి అడ్డంగా తాను పడుకుంటుంది, ఎద్దు కన్నీరు కారుస్తుంది, ఆ రాత్రే కుండపోతగా వాన కురుస్తుంది. నిజానికి లారీ వచ్చిన సమయానికి ఆమె ఇసుకలో కాలిన పాదాలకు వెన్న రాసుకుని ఇంట్లో నిద్రపోతోంది. వాన ఆ ఏడాది రాలేదు, మరుసటి ఏడాది వచ్చింది, అది కూడా కోతల సమయంలో. ఎద్దు ఇంకో రెండేళ్లు బతికి, ఒక మధ్యాహ్నం కడుపునిండా తిని పడుకుని, లేవలేదు. గానుగ తాత మళ్లీ ఎద్దును కొనలేదు.

కాలం అన్నిటినీ తుడిచేస్తుందంటారు. నేను చూసినంతవరకు తుడవదు, స్థలం ఖాళీ చేయించి వేరేవాళ్లకు ఇస్తుంది, అంతే. దొడ్డి ఉన్నచోట ఇప్పుడు పంచాయతీవాళ్ల శుద్ధ నీటి యంత్రం ఉంది. ఐదు రూపాయల బిళ్ల వేస్తే ఇరవై లీటర్లు వస్తాయి. పాత మందపాటి బిళ్ల మాత్రం తీసుకోదు, కొత్తదే వేయాలి.